లేవని రెండు వేళ్ళు

షీమె బర్బిర్ రియెకా నుంచి స్లానో దాకా సముద్రపు ఒడ్డు రోడ్డంతా కళ్ళు మూసుకుని కారు నడిపాడని అంటారు. మూసుకోవడం కాదు, గంతలే కట్టుకున్నాడని ఇంకొందరంటారు. గ్రాదాత్స్‌లో చేపలమ్మే ఆవిడ ఇంకో మెట్టు పైకెక్కి, అతను వెనక సీట్లో గురక పెడుతుంటే కారే తన దారి తను వెతుక్కుంటూ పోయిందని, తన రెండు కళ్ళతో చూశానని ఒట్టేసి చెబుతుంది. ఆ రోజు ఆవిడ అసలు ఊళ్ళోనే లేదు, అక్క కూతురి పెళ్ళికని దీవికి పోయింది. అయినా చెబుతుంది. ఇంతవరకూ దీన్ని నిజమని రుజువు చేసిన మొనగాడు లేడు.

నలుగురూ ఒప్పుకునే సంగతి ఇది.

షీమె ముప్ఫై నాలుగేళ్ళు బస్సు డ్రైవరు. ఉద్యోగమంతా ఆ ఒక్క రోడ్డు మీదే. ఒక పక్క బోడికొండ, ఒక పక్క సముద్రం, మధ్యలో ఎవరో తాడు విసిరేసినట్టు మెలికలు తిరిగిన రోడ్డు. దాని మీద ఎన్ని మలుపులున్నాయో ప్రభుత్వానికి తెలీదు, షీమెకి తెలుసు. పెళ్ళయిన రోజు సాయంత్రం కూడా బస్సెక్కాడు మహానుభావుడు. పెళ్ళికూతురు లూత్సె చర్చి మెట్ల మీద పూలగుత్తి పట్టుకుని ఆ బస్సు వెనక పొగ చూస్తూ నిలబడిందట. అప్పట్నుంచీ ఆవిడ ఒకటే అడిగేది. "ఏముంటుందయ్యా ఆ రోడ్డులో, పెళ్ళాం కన్నా?" "వచ్చే ఏడాది చూపిస్తాలే," అనేవాడు. ఆ వచ్చే ఏడాది ముప్ఫై నాలుగేళ్ళపాటు రాలేదు. స్లానోలో అక్క యేలెని చూడాలనుకున్నప్పుడల్లా లూత్సె ఓడెక్కి పోయేది.

పెన్షన్ వచ్చిన రెండేళ్ళకి, అక్టోబరు మొదట్లో, పొద్దున్నే కాఫీ తాగుతూ షీమె ఉన్నట్టుండి అన్నాడు. "బట్టలు సర్దు. యేలె దగ్గరికి వెళ్దాం. కార్లో. నెమ్మదిగా."

నెమ్మది అంటే అట్లా ఇట్లా కాదు. పది గంటల దారికి ఆరు రోజులు. గంటకి నలభై కిలోమీటర్లు దాటితే ఒట్టు. వెనక కార్లు బారులు కట్టేవి. ఆ బారు తల స్ప్లిట్ చేరేసరికి తోక జాదర్‌లో ఇంకా కాఫీ తాగుతోందని చెప్పుకుంటారు. హారన్లు మోగించేవాళ్ళు, అద్దం దించి అమ్మనీ అమ్మమ్మనీ తలుచుకునేవాళ్ళు.

"పోనీ. వాళ్ళకి తొందర. మన పెన్షనేమైనా పరిగెత్తి పోతుందా?" అనేవాడు షీమె.

లూత్సెకి ఐదు రోజులు పండగలా గడిచాయి. మొగుడు పక్కన కూర్చుని రోడ్డంతా పాఠం చదివినట్టు చెబుతుంటే నోరు తెరుచుకుని వింది. "ఇప్పుడు కుడివైపు మలుపు, మలుపులో అత్తి చెట్టు. అది దాటాక చిన్న చర్చి, దాని గంట పగిలింది. ఆ తరవాత దిగుడు." నిజంగానే అత్తి చెట్టు వచ్చేది, చర్చి వచ్చేది, దిగుడు వచ్చేది. మధ్యాహ్నం రెండేసి గంటలు కాఫీ దగ్గర కూర్చోబెట్టేవాడు. పొద్దు వాలకముందే గది తీసుకునేవాడు. "సాయంకాలాన్ని కూర్చుని చూడాలే పిచ్చిదానా, బండి నడుపుతూ కాదు," అన్నాడు. ఇంత ప్రేమ ఇన్నాళ్ళూ ఎక్కడ దాచాడా అనుకుంది ఆవిడ.

ఆరో రోజు పొద్దున బెపో బస్సు ఎదురొచ్చింది.

ఆ రోడ్డు మీద డ్రైవర్లకి ఒక మర్యాద ఉంది. ఎదురుపడితే స్టీరింగ్ మీంచి రెండు వేళ్ళు లేపుతారు. చెయ్యి ఊపరు, నవ్వరు, రెండు వేళ్ళు, అంతే. లేపకపోతే వాడు మనిషి కిందే లెక్క కాదు. ఒకసారి పేకాటలో తగువొచ్చి షీమె, బెపో రెండేళ్ళు మాట్లాడుకోలేదు. ఆ రెండేళ్ళూ వేళ్ళు మాత్రం లేపుకున్నారు, మొహాలు చెరో పక్కకి తిప్పుకుని మరీ. పెన్షన్ వచ్చినా మర్యాద పోదు. కార్లో ఉన్నా సరే, ఎదురుగా బస్సొస్తే వేళ్ళు లేవాల్సిందే.

బెపో హారన్ కొట్టాడు. రెండు వేళ్ళు లేపాడు. మబ్బు పట్టిన ఉదయం, అద్దంలోంచి అతని బానపొట్ట దాకా లూత్సెకి స్పష్టంగా కనపడింది. షీమె చేతులు స్టీరింగ్‌కి అతుక్కుపోయి ఉన్నాయి.

"షీమె, బెపో కదూ అది?"

"ఎవరు?"

"బస్సులో."

"ఆ... చూశాను, చూశాను. చెయ్యి తిమ్మిరెక్కింది."

లూత్సెకి లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది.

గ్రాదాత్స్‌లో భోజనం అయింది, కాఫీ అయింది, ఇంకో కాఫీ కూడా వచ్చింది. మధ్యాహ్నం రెండున్నరకి బెపో స్ప్లిట్ నుంచి తిరిగొచ్చి అదే కాఫీ కొట్టు ముందు బస్సాపాడు. ప్రయాణికులు కాళ్ళు చాపుకోవడానికి దిగారు. బెపో తిన్నగా వీళ్ళ బల్ల దగ్గరికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏం బార్బా షీమె!" అన్నాడు. ఆ ఒడ్డున పెద్ద మగాళ్ళందరూ బార్బాలే. "పెన్షన్ వచ్చి మంత్రివైపోయావా? మాబోటి కూలోళ్ళకి రెండు వేళ్ళు కూడా బరువేనా?"

"ఎండ కళ్ళల్లో పడిందిరా," అన్నాడు షీమె నవ్వుతూ.

"ఎండా? పొద్దుట్నుంచి సూర్యుడు దుప్పట్లోంచి లేస్తేగా!"

తనతో తిమ్మిరి. వీడితో ఎండ. లూత్సె చేతిలో కాఫీ చెంచా అక్కడే ఆగిపోయింది. షీమె కాఫీ కోసం చెయ్యి చాపాడు. వేళ్ళు కప్పుకి జానెడు ఇవతల బల్లని తడిమాయి, అటు జరిగాయి, పిడి దొరకబుచ్చుకున్నాయి. లూత్సె చూసింది. బెపో కూడా చూశాడు. చూడనట్టు సిగరెట్టు వెలిగించి, "వంతెన మీద గాలి లేస్తోందట, జాగ్రత్త," అని మాత్రం అన్నాడు. గొంతులో ఇందాకటి ఎకసెక్కెం లేదు.

మళ్ళీ కారెక్కారు. కుడిపక్క సముద్రం. అంటే లూత్సె కూర్చున్న పక్కే. ఆరు రోజులుగా అందంగా కనిపించిన ఆ నీలం ఇప్పుడు చూస్తే నోరు తెరుచుకుని కూర్చున్నట్టుంది. లూత్సె మామూలుగా అంది.

"అటు కొండ మీద చూడు, గొర్రెలు ఎంత ముద్దుగా ఉన్నాయో."

షీమె తల అటు తిప్పాడు. "ఆ. ఏడెనిమిది ఉంటాయి."

కొండ మీద రాళ్ళు తప్ప ఏమీ లేదు.

ఐదు రోజుల పండగ వేషం తీసేసి లూత్సె ఎదురుగా నిలబడింది. అత్తి చెట్టు, చర్చి, పగిలిన గంట... తనకి చూపిస్తున్నాడనుకుంది. రోడ్డుని తనకి తనే అప్పచెప్పుకుంటున్నాడు. నలభై దాటకపోవడం ప్రేమ కాదు. పొద్దు వాలకముందే ఆగడం సాయంకాలం మీద మోజు కాదు. ఈ మనిషి రియెకా నుంచి ఇక్కడి దాకా జ్ఞాపకం మీద నడుపుకొచ్చాడు.

అరిస్తే ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడితే కుడిపక్క సముద్రం. ఆపమంటే ఆపడు, అతని మొండితనం ఆవిడకి కొత్తా? ఆపడానికి చోటు కూడా లేదు, రాతిగోడకీ ఇనప కమ్మీకీ మధ్య రెండు బళ్ళు ఒరుసుకుంటూ పోవాలి. అందుకని కబుర్లాడుతున్నట్టు మొదలుపెట్టింది.

"ఎర్ర చొక్కా వేసుకుని ఒకాయన సైకిలు తొక్కుతున్నాడు, పాపం, ఈ వయసులో."

కారు కొంచెం ఎడమకి జరిగింది. "చూశాను," అన్నాడు షీమె.

"లారీ వస్తోంది ఎదురుగా, ఎంత పొడుగుందో!"

కారు కుడికి సర్దుకుంది. "కనిపిస్తోందిలే."

"ఇద్దరు పిల్లలు రోడ్డు దాటేట్టున్నారు... ఆ, ఆగారు. దాటుతున్నారు. దాటేశారు."

"నాకు కళ్ళు లేవా?"

"ఉన్నాయిగా. ఊరికే అంటున్నా."

అట్లా ముప్ఫై కిలోమీటర్లు. ఆవిడ కబుర్లాడుతున్నట్టు నటించింది, అతను వినోదానికి వింటున్నట్టు నటించాడు. లూత్సె అరచేతుల్లో గోళ్ళు దిగబడి చెరో నాలుగు చంద్రవంకలు మిగిలాయి. నెల రోజులు పోలేదని యేలె ఇప్పటికీ అంటుంది. యేలె మాట సగానికి తగ్గించుకున్నా పదిహేను రోజులు ఖాయం.

నెరెత్వా నది దాటి, కమలా తోటలు దాటి, కొమార్నా దగ్గరికొచ్చారు. అక్కణ్ణుంచి షీమెకి తెలిసిన పాత రోడ్డు నేయుమ్ మీదుగా పోతుంది. ఆ వారం వానకి కొండ విరిగి ఆ రోడ్డు మీద పడింది. పోలీసొకాయన రోడ్డు మధ్యలో నిలబడి బళ్ళన్నిటినీ కొత్త వంతెన మీదికి మళ్ళిస్తున్నాడు.

"పోలీసు!" లూత్సె అరిచింది. "చెయ్యెత్తాడు, షీమె, చెయ్యెత్తాడు!"

బ్రేకు కీచుమంది. పోలీసాయన కిటికీ దగ్గరికొచ్చాడు, మొహం పాలిపోయి. "బార్బా, ఈ బూట్లు నిన్ననే కొన్నాను. ఇవాళే తొక్కించాలా? పాత రోడ్డు లేదు. అందరూ వంతెన మీదే."

షీమె కారుని రోడ్డు వారన బస్‌స్టాపు దగ్గర ఆపాడు. స్టాపు పక్కనే ఒక ముసలమ్మ కమలాలు అమ్ముకుంటోంది. ఎదురుగా వంతెన. తెల్లటి తీగలతో వీణ నిలబెట్టినట్టుంది. ఉత్తరం నుంచి బూరా గాలి లేచి కమలాల గంపల మీది గుడ్డల్ని పటపటా కొడుతోంది. ఆ వంతెన తెరిచింది షీమెకి పెన్షన్ వచ్చిన ఏడాది తరవాత. దాని మీద అతను జన్మలో చక్రం పెట్టలేదు.

"ఎప్పట్నుంచి?" అంది లూత్సె.

"ఏది?"

"షీమె."

అతను అద్దంలోంచి ముందుకే చూస్తూ కూర్చున్నాడు. ఏం చూశాడో దేవుడికే తెలియాలి.

"ఎడమది చలికాలంలోనే పోయింది," అన్నాడు చివరికి. "కుడిదాంట్లో మధ్యన మచ్చ. అంచుల్లో కనిపిస్తుంది. నువ్వు నా వైపు తిన్నగా చూస్తే నీ మొహం కనిపించదు. చెవులు కనిపిస్తాయి."

"డాక్టరు ఏమన్నాడు?"

"డాక్టరమ్మ. బండి ముట్టుకోవద్దంది. ఆ కాస్త చూపూ ఎక్కువ కాలం ఉండదంది."

"మరి ముట్టుకున్నావే!"

"ఆవిడకేం తెలుసు ఈ రోడ్డు సంగతి? ముప్ఫై నాలుగేళ్ళు నువ్వడిగావు. వచ్చే ఏడాది, వచ్చే ఏడాది అన్నాను. ఈసారి వచ్చే ఏడాదికి నాకే కనిపించదు లూత్సె. అందుకని..."

ఈ మాటకి లూత్సె కరిగిపోయి అతని భుజం మీద వాలిందని కొమార్నాలో చెబుతారు. అబద్ధం. ఆవిడ నిప్పులు కక్కింది.

"ఆరు రోజులు! ఆరు రోజులు నన్ను సముద్రం అంచు మీద ఊరేగించావు గుడ్డి సచ్చినోడా! నేనంటే నీ పెళ్ళాన్ని, నా ఖర్మ. ఆ సైకిలాయనేం పాపం చేశాడు? ఆ పిల్లలేం పాపం చేశారు? వాళ్ళ అమ్మకి నీ అత్తి చెట్టు కథ చెబుతావా?"

షీమె తల దించుకున్నాడు. "ఇంకో యాభై కిలోమీటర్లే. వంతెన దాటితే మళ్ళీ నా రోడ్డే."

"ఈ వంతెన నీకు తెలుసా?"

"వంతెన తిన్నగా ఉంటుంది. తిన్నగా పోవడానికి కళ్ళెందుకు?"

"గాలి తిన్నగా వీస్తుందా?"

లూత్సె తలుపు తీసుకుని దిగింది. చేతిసంచీ భుజాన వేసుకుని, ముసలమ్మ దగ్గర ఒక కమలాపండు అందుకుని, బస్‌స్టాపులో నిలబడింది. "బెపో బస్సు వెనకే వస్తోంది. నేనందులో వస్తా."

"ఎక్కు."

"ఎక్కను."

"నువ్వెక్కకపోతే నేనొక్కణ్ణే పోతా."

"పో."

నోరు పొమ్మంది గాని చేతులు వేరే మాట అన్నాయి. పండు ఆవిడ పిడికిట్లో నలిగి రసం మోచేతి దాకా కారింది. ఇంజను మోగింది. తెల్ల కారు కదిలింది. పది అడుగులు పోయింది. ఇరవై అడుగులు పోయింది. గాలి కారుని ఒక్క తోపు తోసింది. ముసలమ్మ లేచి నిలబడి శిలువ గుర్తు వేసుకుంది. ఇప్పుడు అతను రోడ్డెక్కితే, వెనక లారీ, ముందు వంతెన, అంతెత్తు కింద నీళ్ళు. ఆ క్షణంలో లూత్సె మొగుణ్ణి తిట్టుకుందా, మొక్కుకుందా అంటే రెండూ ఒకే ఊపిరిలో చేసింది.

కారు స్టాపు చివర, సరిగ్గా ఒక బస్సు పొడుగున, ఆగిపోయింది.

షీమె వంతెన నడిమి దాకా పోయి వెనక్కి నడుపుకుంటూ వచ్చాడని చెప్పేవాళ్ళున్నారు. నమ్మొద్దు. అతను ఆగింది దేనికంటే, ఆ లైనులో డ్రైవరన్నవాడు స్టాపులో మనిషి నిలబడి ఉండగా బండి తియ్యడు. ముప్ఫై నాలుగేళ్ళలో షీమె ఒక్కణ్ణీ వదిలేసి పోలేదు. తాగుబోతుల్ని వదల్లేదు, మేకతో వచ్చినవాణ్ణి వదల్లేదు, ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే పాదిరీని వదల్లేదు. ఇప్పుడు స్టాపులో ఒక ప్రయాణికురాలు నిలబడి ఉంది. కాలు బ్రేకు మీదికి దానంతటదే పోయింది.

రెండుసార్లు హారన్ కొట్టాడు. ఎక్కుతున్నారా అని అడిగే హారన్ అది. లూత్సె కదల్లేదు. ఇంకోసారి కొట్టాడు. ఆవిడ సముద్రం వైపు చూసింది. అట్లా పావుగంట. అతను తియ్యడు, ఆవిడ ఎక్కదు.

అంతలో బెపో బస్సు వచ్చింది. స్టాపులో కారు అడ్డం ఉండేసరికి లోపలివాళ్ళు గోల పెట్టారు. బెపో దిగి, గాలికి టోపీ పట్టుకుని, కారు కిటికీ దగ్గరికి పోయి వంగాడు. ఏం మాట్లాడుకున్నారో గాలిలో లూత్సెకి ఒక్క ముక్క వినపడలేదు. ఆ మాటల్ని తరవాత ఊరూరా పదిహేడు రకాలుగా అల్లారు. ఆవిడకి వినపడింది కారు తలుపు చప్పుడొకటే.

షీమె నడుచుకుంటూ వచ్చాడు. తాళం చెవి ముసలమ్మ చేతిలో పెట్టాడు. "రేపు మా మేనల్లుడొచ్చి తీసుకుపోతాడు. కారుని మళ్ళీ నాకు తెచ్చిస్తే తీసుకోనని వాడికి చెప్పు," అన్నాడు. బస్సు మెట్ల దగ్గర ఆగిపోయాడు. అతను జన్మలో ప్రయాణికుడిగా బస్సెక్కలేదు. ఎటు తిరిగి కూర్చోవాలో కూడా తెలీనట్టు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

బెపో తన పక్కన మడతపెట్టి ఉన్న రెండో డ్రైవరు సీటు కిందికి దించాడు. "కూర్చో బార్బా. గాలి రోజుల్లో ఒక్కణ్ణే నడపాలంటే నాకు దడ. వీళ్ళకి చెప్పకు."

"బస్సు కదులుతుందా, తెల్లారుతుందా?" వెనకనుంచి ఒకావిడ అరిచింది.

"ఇద్దరు డ్రైవర్లున్నారమ్మా, ఇవాళ ఇంకా ఆలస్యం!" అన్నాడు బెపో.

వంతెన ఎక్కగానే బూరా బస్సుని పక్కనుంచి గుద్దింది. సామాన్లు పైనుంచి కింద పడ్డాయి. లూత్సె మొదటి వరసలో, ఇద్దరి మెడల వెనక. బెపో మెడ మీద చెమట పట్టింది. షీమె రెండు అరచేతులూ ముందున్న డాష్‌బోర్డు బల్ల మీద ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

"నొక్కకు," అన్నాడు. "వదులు... వదులు. ఎడమకి కొంచెం పట్టుకో. ఇప్పుడొస్తుంది."

వచ్చింది. బస్సు ఊగి నిలబడింది.

"ఇంకోటుంది. దీనికన్నా పెద్దది. దారి ఇవ్వు దానికి, ఎదురు తోయకు."

లోపల గోల సద్దుమణిగింది. ఆలస్యమని అరిచిన ఆవిడ జపమాల తీసింది. ఆ రెండున్నర కిలోమీటర్లు లూత్సెకి ఆరు రోజుల ప్రయాణం కన్నా పొడుగనిపించాయి. వంతెన దిగాక బెపో గట్టిగా ఊపిరి వదిలాడు. షీమె చేతులు మాత్రం స్లానో వచ్చేదాకా ఆ బల్ల మీదనుంచి తీయలేదు, కుడికాలు ప్రతి మలుపులోనూ ఉత్త నేలని తొక్కుతూనే ఉంది.

వాళ్ళకన్నా ముందే కబురు స్లానో చేరింది. కమలాల ముసలమ్మ కోడలికి ఫోను చేసింది, కోడలు వదినకి, వదిన యేలెకి. గుమ్మంలోనే యేలె అందుకుంది.

"ఏం మరిదీ, గంతలు కట్టుకుని వచ్చావట! పోలీసుని తొక్కబోయావట! బెపో నిన్ను సంకనేసుకుని బస్సెక్కించాడట!"

"ఎవడు కూశాడు?" షీమె కుర్చీ వీపు తడిమి పట్టుకుని కూర్చున్నాడు. "క్లచ్చి పోయింది. అంతే."

"ఇప్పుడేగా లూత్సె బ్యాటరీ పోయిందంది?"

"రెండూ పోయాయి."

ఈ సంగతి ఎప్పుడెత్తినా ఇదే వరస. ఆ కారు మేనల్లుడికి ఎందుకిచ్చేశావు బార్బా అని అడిగితే లూత్సెకి పెట్రోలు వాసన పడదంటాడు. లైసెన్సేదీ అంటే ఎలకలు కొట్టాయంటాడు. మరీ నిలదీస్తే గొంతు పెంచుతాడు.

"గొర్రెలా? ఏ గొర్రెలు? నిజంగానే ఉన్నాయి, ఎనిమిది, లెక్కపెట్టాను. పోలీసా? వాడే నా కారు కిందికి దూరబోయాడు. బస్సులో కూర్చున్నానా? నేనా? ముప్ఫై నాలుగేళ్ళు నడిపినవాణ్ణి బస్సులో కూర్చుంటానా? అంతా కల్పన. అసలా అక్టోబరులో నేను ఇంట్లోంచి కాలు బయటపెడితే ఒట్టు. కావాలంటే లూత్సెని అడుగు, నా పక్కనే ఉంది."